నూనె ప్యాకెట్ మీద ఆ మాట ఎందుకు?



మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ప్యాకెట్ మీద ఏం రాశారో అందరూ నన్నే అడుగుతారు. నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటుంది. మా అవ్వ తీసే ఇప్పనూనె సీసా మీద ఏ రాతా ఉండదు. మరి ప్యాకెట్ నూనె మంచిది, మనది చెడ్డది అనా? సైన్సు ఏమంటుందో చూద్దాం.

కణత్వచం పాఠం చదువుకున్నాం గదా. ఆ పొర మరీ గట్టిపడకుండా, మరీ పలచబడకుండా చూసేవి స్టెరాల్స్. మన ఒంట్లో ఆ పని చేసేది కొలెస్ట్రాల్. కాబట్టి అది విషం కాదు. రక్తంలో ఎక్కువైతేనే ప్రమాదం.

మొక్కలకూ స్టెరాల్ కావాలి. మొక్కలోనూ మనలోనూ ముందు స్క్వాలీన్ అనే పదార్థం తయారవుతుంది. దానిలో 30 కార్బన్ పరమాణువులు. అక్కడి నుంచి దారి చీలుతుంది.

మనలో: స్క్వాలీన్ – లానోస్టెరాల్ – కొలెస్ట్రాల్ (27 కార్బన్లు).
మొక్కలో: స్క్వాలీన్ – సైక్లోఆర్టెనాల్ – సిటోస్టెరాల్ (29 కార్బన్లు).

లానోస్టెరాల్, సైక్లోఆర్టెనాల్ రెండింటిలోనూ 30 కార్బన్లు, 50 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్ ఉంటాయి. అమరికే వేరు. చివరికి వచ్చేవాటిలో రెండు కార్బన్లే తేడా. అయినా మన పేగు ఆ తేడాను కనిపెడుతుంది! సిటోస్టెరాల్‌ను చాలా కొంచెమే రక్తంలోకి పోనిస్తుంది.

అందుకే పల్లీ, నువ్వు, పొద్దుతిరుగుడు, ఇప్ప – ఏ గింజ నూనెలోనైనా కొలెస్ట్రాల్ లేనట్టే లెక్క. కంపెనీవాళ్లు కొత్తగా తీసేసింది ఏమీ లేదు.

అయితే ఒక జాగ్రత్త. కొలెస్ట్రాల్ లేదు గదా అని ఎంతబడితే అంత పోసుకోకూడదు. చలికి ఇప్పనూనె గడ్డకడుతుంది, పామాయిల్ కూడా అంతే. వాటిలో సంతృప్త కొవ్వులు ఎక్కువ. అవి ఎక్కువ తింటే మన రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

మా ఊళ్లో కొందరు ఇప్పగింజలు సంతలో అమ్మేసి, ఆ డబ్బుతో ప్యాకెట్ నూనె తెచ్చుకుంటున్నారు. కొనాలంటే కొనుక్కోవచ్చు. కానీ ఆ ఒక్క మాట చూసి మన నూనెను తక్కువ చేయొద్దు. సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇళ్లలో కూడా చదివి చెప్పండి.

ప్రశ్న: నెయ్యిలో ఉండేది కొలెస్ట్రాలా, సిటోస్టెరాలా? ఎందుకు? జవాబు చీటీ మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.

– 9వ తరగతి విద్యార్థిని