పోస్టు డబ్బా మీద నా పేరు లేదు



మాది తాడేపల్లిగూడెం. పెళ్లికి ముందు ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేశాను. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ పర్మిట్ మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నారు. నిరుడు ఎండాకాలంలో నేనూ వచ్చేశాను. చెప్పుకోదగ్గ పెద్ద కష్టాలేమీ లేవు. అందుకే ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. అన్నీ చిన్న చిన్నవే, కానీ ఏదో ఒకటి లేని రోజు లేదు.

ఇక్కడ ప్రతిదీ పోస్టులోనే వస్తుంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, ట్యాక్సు నంబరు మరో కవర్లో. నా కార్డు వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ పంపమంటే మళ్లీ వెళ్లిపోయింది. కింద డబ్బా మీద మావారి ఇంటిపేరే ఉంది, నా పాస్‌పోర్టులో ఇంకా మా నాన్నగారి ఇంటిపేరే. ఒకప్పుడు ఊళ్లో అందరి కేవైసీ కాగితాలూ చూసినదాన్ని, ఇప్పుడు నాకే చిరునామా లేకుండా పోయింది.

ఒక ఆదివారం అట్లపిండి కోసం మిక్సీ వేస్తే కింది ఇంటావిడ పైకొచ్చి తలుపు కొట్టింది. అరవలేదు. ఏదో చెప్పి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. ఆవిడే ఇంకోరోజు నేను వేసిన ఖాళీ పెరుగు డబ్బాను నల్ల చెత్తడబ్బాలోంచి తీసి, నాకు చూపించి మరీ పసుపు డబ్బాలో వేసింది. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే హ్యాండిల్‌కి చిన్న చెక్క బోర్డు వేలాడుతోంది. ఎవరో మమ్మల్ని ఏదో అన్నారనుకుని గుండె దడదడలాడింది. మావారు ఫోనులో తర్జుమా చేసి చూసి, "ఈ వారం మెట్లు తుడిచే వంతు మనదట" అన్నారు. పోపు వేస్తే పొగ అలారం కూత పెడుతుంది. ఎండుమిరపకాయలు వేయించడమే మానేశాను.

డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఫోన్ చేసి ఇంగ్లీషులో అడిగితే అవతల మనిషి పెట్టేసింది. అప్పటినుంచి ఫోన్లన్నీ మావారే చేస్తారు. ఆయన మంచివారు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కూడా నా ఫారాలు నింపుతారు. కానీ "ఓపిక పట్టు, అలవాటైపోతుంది" అనే మాట తప్ప ఆయన దగ్గర ఇంకేమీ ఉండదు. అమ్మకి చెబితే, "అక్కడికి వెళ్లాలని ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా" అంటుంది. మొన్న సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయి సామాన్లు చకచకా తోసేస్తుంటే సంచిలో సర్దుకోలేకపోయాను. వెనక లైను పెరిగిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బు కట్టిన ఉల్లిపాయలు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను.

వెనక్కి వచ్చేసి మళ్లీ ఉద్యోగంలో చేరిపోనా అక్కా? లోపం నాలోనే ఉందంటారా?

– పేరు వేయవద్దు, స్టుట్‌గార్ట్


జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు ఆ పోస్టు డబ్బా సంగతి చూడు. ఇవాళే ఒక తెల్ల కాగితం మీద నీ ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి డబ్బా మీద ఒకటి, కింద కాలింగ్ బెల్ పక్కన ఒకటి అంటించు. ఇంటి యజమానికో, బిల్డింగు చూసుకునేవాళ్లకో మెయిల్ పెడితే తర్వాత తీరిగ్గా ప్లేటు వేయిస్తారు. జర్మనీ చిరునామాల్లో మామూలుగా ఫ్లాటు నంబరు ఉండదు. పోస్టుమ్యాన్ చూసేది డబ్బా మీద పేరే. అది లేకపోతే ఆ మనిషి ఆ ఇంట్లో లేనట్టే లెక్క.

నీ ఉత్తరమంతా చదివాక అసలు చిక్కు కూడా ఇక్కడే ఉందనిపించింది. కార్డు రాకపోయినా, డాక్టరుతో మాట్లాడాల్సి వచ్చినా, తలుపు మీది బోర్డు చదవాల్సి వచ్చినా, సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే. నువ్వు బ్యాంకు కౌంటరుకి అటువైపు కూర్చుని పదిమంది పనులు చక్కబెట్టిన మనిషివి. అక్కడికి వెళ్లాక నీ పని ఒక్కటీ నీ చేతి మీదుగా జరగడం లేదు. ఉల్లిపాయలు వదిలేసి వచ్చింది సర్దడం చేతకాక కాదు. (అన్నట్టు, అక్కడి కౌంటర్ల దగ్గర ఎవరూ తీరిగ్గా సంచిలో సర్దరు. అన్నీ మళ్లీ ట్రాలీలోకి తోసేసి, పక్కకి వెళ్లి సర్దుకుంటారు. నువ్వూ అలాగే చెయ్యి.)

బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యకి అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి మొదటినుంచే ఉంటుంది. నీ రెసిడెన్స్ పర్మిట్‌లో ఆ మాట రాసి ఉంటుంది, ఒకసారి తీసి చూసుకో. ఖాతాల గురించి నీకు చెప్పేదేముంది, అయినా వినిపెట్టుకో: చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా బ్యాంకులు కనీస ఖాతా తెరవాల్సిందేనని 2016 నుంచి అక్కడ చట్టం ఉంది. డబ్బా మీద పేరు పడ్డాక నీకు వచ్చే మొదటి ఉత్తరాల్లో రేడియో, టీవీ చందా కాగితం ఉన్నా ఉండొచ్చు. చూసి కంగారుపడకు. నెలకి 18.36 యూరోలు ఇంటికంతటికీ ఒక్కటే, తలకింతని కాదు. మీవారు ఇప్పటికే కడుతుంటే ఆయన చందా నంబరు వేసి జవాబు పంపితే సరిపోతుంది. ఆ జవాబు మాత్రం నువ్వే పంపాలి.

ఇక కింది ఇంటావిడ. ఆదివారం మిక్సీ విషయంలో ఆవిడ పక్షాన సాక్షాత్తూ రాజ్యాంగమే ఉంది. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949లో కొత్త రాజ్యాంగం వచ్చినప్పుడు ఆ అధికరణాన్ని అలాగే అందులో కలుపుకున్నారు. అందుకే ఆ రోజు కొట్లు మూసేస్తారు. గోడకి మేకు కొట్టరు, ఖాళీ సీసాలు తీసుకెళ్లి వీధి తొట్లో పడేయడం కూడా తప్పే. పిండి శనివారం సాయంత్రమే రుబ్బేసుకో. ఆదివారానికి చక్కగా పులుస్తుంది కూడా.

తలుపు మీది బోర్డు ఆ ప్రాంతం ఆచారం. దాన్ని కేర్‌వోఖె అంటారు. వారానికొక ఇంటివాళ్లు మెట్లు, వాకిలి శుభ్రం చేయాలి. వంతు ఎవరికి వస్తే వాళ్ల తలుపుకి బోర్డు మారుతుంది. స్టుట్‌గార్ట్ నగరపాలన తన నిబంధనల్లోంచి దీన్ని 1988లోనే తీసేసింది. అద్దె ఒప్పందాల్లో మాత్రం నిక్షేపంలా బతికే ఉంది. మిగతా జర్మనీవాళ్లు ఈ విషయంలో స్టుట్‌గార్ట్‌వాళ్లని ఆటపట్టిస్తుంటారు. ధనుర్మాసంలో ఎదురింటివాళ్లు లేవకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేయాలని పోటీపడే గోదావరి జిల్లా పిల్లకి ఇది అర్థం కాకపోవడమేమిటి! నీ వంతు వచ్చినప్పుడు ఆవిడ చూసే వేళకి తుడువు. నిజంగా చెబుతున్నాను, ఆ వీధుల్లో అంతకు మించిన పరిచయపత్రం లేదు.

ఒక మాట మాత్రం దాచను. ప్రతిదీ 'వాళ్ల పద్ధతి' అని సర్దుకుపోనక్కర్లేదు. నలుపు తెలుపు చూసేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆవిడ ఆ బిల్డింగులోని జర్మన్‌వాళ్ల పెరుగు డబ్బాలు కూడా అలాగే తీసి చూపిస్తుందా? చూపిస్తే అది ఆవిడ చాదస్తం, నవ్వుకుని వదిలెయ్. నీ ఒక్కదాని డబ్బాలే వెతికి మరీ తీస్తుంటే అది వేరే సంగతి. అప్పుడు ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. నువ్వు రాసినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది. తలుపు కొట్టి ముఖాన చెప్పే మనిషి, వెనక చీటీలు అంటించే మనిషి కంటే నయం.

పోపుకి కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి, మూకుడు మీద మూత పెట్టు. అలారం బ్యాటరీ మాత్రం తీయకు. మిరపకాయలు వేయించుకో తల్లీ, దానికోసం నోరు కట్టుకోవడమెందుకు.

భాష దగ్గర కొంచెం ఆగాలి. మామూలుగా భార్యగా జర్మనీ వెళ్లాలంటే వీసాకి ముందే కాస్త జర్మన్ పరీక్ష పాసవ్వాలి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యలకి ఆ షరతు లేదు. అందరూ అదృష్టమనే అని ఉంటారు, అవును, వీసా తొందరగా వచ్చి ఉంటుంది. కానీ పరీక్ష వంకతోనైనా వచ్చి ఉండే నాలుగు మాటలు రాకుండానే విమానం ఎక్కేశావు. దానికి ఇప్పుడు రోజూ వడ్డీ కడుతున్నావు. మీ ఊళ్లో రోటెబ్యూల్‌ప్లాట్స్ దగ్గర ఫోల్క్స్‌హోఖ్‌షూలె ఉంది, పెద్దలకి చదువు చెప్పే బడి. ప్రైవేటు కోచింగుల కంటే అక్కడ సాధారణంగా ఖర్చు తక్కువ. వెళ్లి చేరు. ఆన్‌లైన్ క్లాసు వద్దు, ఇల్లు కదలాలి. క్లాసులో నేర్పే జర్మన్ వేరు, మీ మెట్ల మీద వినపడే ష్వాబిష్ యాస వేరు. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. బెర్లిన్‌వాళ్లకే సరిగా అర్థం కాదు, నువ్వెంత.

మీవారినీ చేర్పించు. ఆఫీసులో పొద్దస్తమానం ఇంగ్లీషే కాబట్టి ఆయనకీ ఫోను తర్జుమాయే దిక్కని నీ ఉత్తరంలోనే తెలిసిపోతోంది. బ్లూ కార్డ్‌వాళ్లకి మిగతా షరతులన్నీ సరిపోతే శాశ్వత నివాసం 27 నెలలకి వస్తుంది. బీ1 స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలకే. ఓపిక పట్టమని నీకు చెప్పే మనిషికి ఈ ఆరు నెలల లెక్క చూపించు, ఆయనే ముందు నడుస్తాడు.

ఆయన చేసే సాయం గురించి కూడా. ప్రేమతోనే చేస్తున్నాడు, కాదనను. కానీ వచ్చే వారం నుంచి ఫారం నువ్వు నింపు, ఆయన పక్కన కూర్చుని తప్పులు చూస్తాడు. అపాయింట్‌మెంటుకి ఫోను వద్దనుకుంటే ఆన్‌లైన్‌లో తీసుకో, చాలామంది డాక్టర్లకి ఆ వీలుంది. లేదా తిన్నగా క్లినిక్‌కి వెళ్లి, కావలసిన మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదువు. ఫోనులో పెట్టేసే మనిషి ఎదురుగా నిలబడితే అంత సులువుగా పొమ్మనలేదు. డాక్టర్లు దొరకని వేళ 116117కి చేయాలి, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండు నంబర్లూ నీ ఫోనులో ఉండాలి.

వెనక్కి వచ్చేయనా అన్నావు. ఆ నిర్ణయం చలికాలంలో తీసుకోకు. డిసెంబరులో మీ దగ్గర సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకిపోతుంది, ఆ చీకట్లో అందరికీ ఇంటికి పోవాలనే అనిపిస్తుంది. ఏడుపు ఆగకుండా వారాల తరబడి వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, అది అలవాటు పడటం గురించి కాదు, డాక్టరుకి చెప్పాల్సిన విషయం. మొహమాటపడకుండా చెప్పు. అలా కాకపోతే భాషా కోర్సు ఒకటి పూర్తి చేసి, నాలుగు ఉద్యోగాలకి నీ పేరున దరఖాస్తులు పెట్టి చూడు. అప్పటికీ తాడేపల్లిగూడెమే మేలనిపిస్తే వచ్చెయ్, అందులో ఓటమేమీ లేదు. మీ అమ్మతో నన్ను మాట్లాడమన్నా మాట్లాడతాను.