పాఠం 9: పాత ఇంటి గోడ, తేమ, సున్నం

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ అన్నిటికంటే పాత గోడ దగ్గరికి వెళ్ళండి. అడుగుభాగాన్ని అరచేత్తో తడిమి చూడండి. చల్లగా ఉందా? చేతికి తెల్లని పొడి అంటుకుందా? ఆ పొడి ఎక్కడినుంచి వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు పాత గోడలోకి తేమ ఎలా చేరుతుందో చెప్పగలుగుతారు. సున్నపు పూతకూ, సిమెంటు పూతకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు. ఏ మరమ్మతు ముందు చేయించాలో నిర్ణయించుకోగలుగుతారు.

9.1 ఒక వంటింటి గోడ

గోదావరి జిల్లాలో ఒక పెంకుటిల్లు అనుకోండి. ఇటుక గోడలు, ఇటుకల మధ్య గానుగ సున్నం. తండ్రి తరువాత ఇల్లు కూతురి చేతికి వచ్చింది. వంటింటి గోడకు మోకాటి ఎత్తు వరకు పూత ఊడిపోతోంది. ఆమె తాపీ మేస్త్రిని పిలిపించింది.

"సున్నం పని ఇప్పుడెవరు చేస్తున్నారమ్మా? గీకేసి సిమెంటు కొట్టేద్దాం. పదేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదు."

"తేమ ఎక్కడినుంచి వస్తోందో చూడొద్దా మేస్త్రీ?"

"సిమెంటు పడ్డాక ఇంక తేమెక్కడిదమ్మా!"

పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆమె పని చేయించింది. మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి సిమెంటు పూతకు పైన, ఛాతీ ఎత్తున, కొత్తగా మరకలు కనిపించాయి. మూడో ఏడు వేలితో కొడితే పూత డొల్లగా మోగింది. తరువాత అది పెచ్చులుగా ఊడింది. దానితోపాటు ఇటుకల ముఖం కూడా ఊడింది. అప్పు ఇంకా తీరలేదు.

ఇక్కడ మేస్త్రి మోసం చేశాడనుకోకూడదు. అతను నేర్చుకున్న పనంతా సిమెంటుతోనే. కొత్త ఇంటికి అతని సలహా సరైనదే. పాత గోడ స్వభావం వేరు, అదే అతనికి తెలియలేదు.

9.2 నీరు పైకి ఎలా ఎక్కుతుంది?

దీపపు ప్రమిదలో నూనె అడుగున ఉంటుంది. అయినా వత్తి కొస వరకు నూనె చేరుతుంది. వత్తి పోగుల మధ్య ఉన్న సన్నని సందుల గుండా అది పైకి పాకుతుంది. దీనినే కేశనాళికీయత అంటారు. ఇటుకలోనూ, సున్నంలోనూ ఇలాంటి సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. పునాది కింద నేల తడిగా ఉంటే గోడ వత్తిలా పనిచేస్తుంది.

నేటి ఇళ్ళకు పునాది మీద తేమను అడ్డుకునే పొర వేస్తారు. పాత ఇళ్ళలో చాలావాటికి అది లేదు. అయినా అవి నిలిచాయి. ఎందుకంటే సున్నపు పూత గుండా తేమ ఆవిరై బయటికి పోతుంది. ఎక్కిన నీరు ఎక్కినట్టే ఆరిపోతుంది. మట్టిలోని లవణాలు మాత్రం పైపొరలో మిగులుతాయి. మీ చేతికి అంటిన తెల్లని పొడి అదే.

సిమెంటు పూత ఆవిరిని అంత తేలికగా వదలదు. దారి మూసుకుపోయిన నీరు పూత వెనకే ఇంకా పైకి ఎక్కుతుంది. లవణాలు పూత వెనక స్ఫటికాలుగా పెరిగి దానిని ముందుకు తోస్తాయి. సిమెంటు గట్టిది, పాత ఇటుక మెత్తనిది. విడిపోయేటప్పుడు నష్టపోయేది ఇటుకే.

9.3 సున్నం సంగతి

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిమి వద్ద కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రాళ్ళ సున్నం మిగులుతుంది. దానిని నీటిలో వేస్తే కుతకుత ఉడికి తడి సున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. రాయి రాయిగా తిరిగి రావడమన్నమాట! సముద్రతీరంలో రాయికి బదులు గుల్లలను కాల్చి గుల్ల సున్నం చేసేవారు. పూర్వం ఎద్దుల గానుగలో సున్నాన్నీ ఇసుకనూ కలిపి నూరేవారు; కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీరు కలిపేవారు. 1591లో కట్టిన చార్మినార్ మీది నగిషీలు కూడా సున్నంతో చేసినవే.

జాగ్రత్త: రాళ్ళ సున్నాన్ని నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. సున్నపు కుప్ప మీద నీళ్ళు గుమ్మరించకూడదు. ప్లాస్టిక్ డ్రమ్ము వాడకూడదు. పిల్లలను దూరంగా ఉంచండి. సున్నం కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో కనీసం 20 నిమిషాలు కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

9.4 ముందు నీరు, తరువాత గోడ

పూతకు డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. వాన కురుస్తుండగా తిరిగితే మరీ మంచిది.

మొదట వీధిని చూడండి. మన ఊళ్ళలో పాత రోడ్డు తవ్వకుండానే దానిపై కొత్త సిమెంటు రోడ్డు వేయడం మామూలైపోయింది. నాలుగు మెట్లెక్కి వెళ్ళిన అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానమైంది. ఇల్లు కుంగలేదు, వీధి లేచింది. వాననీరు గోడవైపే పారుతుంది. గోడకూ రోడ్డుకూ మధ్య చిన్న కాలువ తీయించి నీటిని దూరంగా మళ్ళించడం మీ మొదటి మరమ్మతు.

తరువాత పెరడు. గోడను ఆనుకుని కుళాయి, అంట్లు తోమే చోటు, స్నానాల గది ఉన్నాయేమో చూడండి. శుభ్రంగా ఉంటుందని గోడ అంచు వరకు సిమెంటు చేయించి ఉంటే, కింది తేమకు నేల నుంచి బయటపడే దారి లేదు. అది గోడనే ఎక్కుతుంది. గోడ పక్కన ఒక అడుగు వెడల్పున సిమెంటు తీసేసి కంకర పరిపించండి.

చివరగా కప్పు. జారిన పెంకు ఒక్కటే అయినా దాని కింద వాసం తడుస్తుంది. దూలం గోడలో దూరేచోట మేకుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ కొస పుచ్చింది లేదా చెద పట్టింది. దూలమంతా మార్చనక్కరలేకపోవచ్చు. పాడైన కొస కోసి అతుకు వేయగల వడ్రంగులు ఉన్నారు. తొలకరికి ముందే పెంకు సర్దించుకోవాలి.

చేసి చూడండి: అరచేతి వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగంచులా టేపుతో అంటించండి. రెండు రోజుల తరువాత గోడవైపు నీటి బొట్లుంటే తేమ గోడలోనిది. గదివైపు ఉంటే అది గదిలోని గాలి తేమ. కిటికీలు తెరిస్తే తగ్గుతుంది.

9.5 పూత వేయడం

నీటిని మళ్ళించాక గోడను ఆరనివ్వాలి. దీనికి నెలలు పడుతుంది. ఓపిక లేక చాలామంది ఇక్కడే పని చెడగొట్టుకుంటారు. కార్తీకం నుంచి మాఘం వరకు పూతకు అనువైన కాలం. ఎండాకాలంలో సున్నం త్వరగా ఎండి బీటలు వారుతుంది.

డొల్ల పూతను గీకి, లవణాలను పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే అవి మళ్ళీ లోపలికి పోతాయి. పూత వేసే ముందు మాత్రం గోడపై నీళ్ళు చిలకరించాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఉప్పులేని ఇసుక కలిపి, ఒక్కో పొర అర అంగుళం మించకుండా రెండు పొరలు వేయించండి. తడి గోనెలు కప్పి వారం రోజులు ఆరిపోకుండా చూడండి. పైన వెల్ల వేయండి. ఆయిల్ పెయింటు వేస్తే మళ్ళీ దారి మూసినట్టే.

అయినా కొన్నేళ్ళకు అడుగున ఈ పూత ఊడవచ్చు. అది పని చెడిపోవడం కాదు. ఇటుకకు బదులు పూత అరిగింది, అంతే. ఆ జానెడు మేర మళ్ళీ పూయించుకోవడానికి అప్పు చేయనక్కరలేదు.

9.6 మరమ్మతు ఆపవలసిన సందర్భం

గోడ పొట్ట ఉబ్బినా, పగులు గోడకు ఆ పక్కకు కనిపించినా, దూలం వంగినా, నిన్నటివరకు తేలికగా పడిన తలుపు ఇవాళ బిగుసుకుపోయినా పూతల సంగతి పక్కన పెట్టండి. ఆ గది ఖాళీ చేసి ఇంజనీరుకు చూపించండి. నానిన గోడలు ఏటా వానాకాలంలో కూలి నిద్రలో ఉన్నవారి ప్రాణాలు తీస్తున్నాయి. వాన వెలిశాక కూడా గోడ కూలవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు

1. ప్రమిదలో వత్తికీ, పాత గోడకూ పోలిక ఏమిటి?
2. 9.1లోని ఇంట్లో తేమ మోకాటి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తుకు ఎందుకు ఎక్కింది?
3. గోడపై లవణాలను కడగకుండా ఎందుకు దులపాలి?
4. మీ గోడపై తేమ ఎంత ఎత్తున ఉందో పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. వానాకాలం ముందు ఒకసారి, తరువాత ఒకసారి కొలిచి మీ అధ్యయన కేంద్రంలో చూపండి.