యోహాను సువార్త పత్రశకలము

మన యార్మూరు ప్రాంతమునఁ బసుపు కొనువాఁడు రాశి యెత్తును మాత్రమే చూచి బేరమాడఁడు. ఒక కొమ్మును దీసి విఱిచి లోపలి వన్నెను బరీక్షించును. మతగ్రంథముల విషయమున మనకాపాటి శ్రద్ధ యేల యుండరాదు? అట్టి పరీక్షకుఁ దగిన వస్తువొకటి యింగ్లండున మాంచెస్టరు నగరమందలి జాన్ రైలండ్స్ గ్రంథాలయమున నున్నది.

అది తుంగజాతి మొక్క కాండముతోఁ జేసిన పపైరసు పత్రపుఁ దునుక. పొడవు మూఁడున్నర యంగుళములు, వెడల్పు రెండున్నర, అఱచేత నిమిడిపోవును. 1920లో గ్రెన్‌ఫెల్ పండితుఁడు ఈజిప్టున దీనిని సంపాదించెను. 1935లో కాలిన్ రాబర్ట్సు చదివి ప్రకటించెను. రెండువైపులను ఏడేసి గ్రీకు పంక్తుల శేషములు గలవు. అవి యోహాను సువార్త 18వ అధ్యాయములోనివి. రోమను అధికారియగు పిలాతు యేసును విచారించిన ఘట్టము. సత్యమను పదమొకటి తుది యక్షరములు పోయి నిలిచినది. సత్యమేమని పిలాతు ప్రశ్నించినచోట, ఆతఁడు పలికెనను క్రియ మిగిలినది, ప్రశ్న మాత్రము చిరిగిపోయినది!

ఇరువైపుల వ్రాఁత యుండుటచే నిది చుట్ట గాదు, పుస్తకములోని యాకు. నడుమ లోపించిన భాగమును లెక్కించి, పూర్తి పుస్తకము సుమారు 130 పుటలని రాబర్ట్సు గణించెను. 37వ వచనమున రెండుమాఱులు రావలసిన చిన్న పదద్వయమునకు రెండవమాఱు పంక్తిలోఁ జోటు చాలదు. లేఖకుని పొరపాటో, ఆతని మాతృకలోనే లేదో! తాళపత్రములను సరిచూచినవారికిట్టివి క్రొత్త గావు.

పత్రముపైఁ గాలము వ్రాయఁబడలేదు. అక్షరముల యాకృతినిబట్టి రాబర్ట్సు క్రీ.శ. రెండవ శతాబ్ది పూర్వార్ధమనెను. తరువాత ననేకులు 125వ సంవత్సరమని నిశ్చయముగఁ బలుకసాగిరి. లిపిసామ్యమొక్కటే యాధారమైనపుడు రెండవ శతాబ్ది చివరిని గాని మూఁడవదాని యారంభమును గాని త్రోసివేయరాదని 2005లో బ్రెంట్ నాంగ్‌బ్రి చూపెను. మాకిదియే సమంజసముగఁ దోఁచుచున్నది.

దీనిని జూపి సువార్త యెల్ల నిజమనువారును, తునుకయే గదా యని నవ్వువారును తొందరపడుచున్నారు. ప్రాచీనత యొక గ్రంథమెప్పటికే వ్యాప్తిలో నుండెనో తెలుపును. అందలి మాట సత్యమగునో కాదో తెలుపదు. వేదములకును మేమీ న్యాయమునే చెప్పుదుము. 1820లో రామమోహనరాయలవారు యేసు నీతిబోధలను సంకలనము చేసినపుడు మహిమల కథలను విడిచి, యోహాను సువార్తనుండి స్వల్పముగనే గ్రహించిరి. శ్రీరాంపురపు మార్ష్‌మన్ దొర యందుకై వారితో వాదించెను. ఆ వాదమున నే పక్షమునకును ఈ పత్రము సాక్ష్యము చెప్పఁజాలదు.