కొరడా దెబ్బయు స్వస్థతయు

పాఠ్యభాగము: మార్కు 5:25–34

భిలాయి ఉక్కు కర్మాగారములో 1959లో మొదటి కొలిమి వెలిగెను. ఆ కాలమునుండి అనేక తెలుగు కుటుంబములు ఉపాధికై ఆ నగరము చేరినవి. రుఆబాంధా వంటి నివాసములకు కాపురమునకు వచ్చిన పడుచుకు పుట్టినిల్లు దూరము, ఇరుగుపొరుగు భాష క్రొత్త. భర్త కొట్టినచో ఎవరితో చెప్పుకొనును? ఆమె పోగల తావు ఆసుపత్రి. అక్కడను, భర్త ప్రక్కన నిలిచియుండగా, "మెట్లపై జారిపడితిని" అనును. కట్టు కట్టి పంపివేయుదురు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 18–49 ఏండ్ల వివాహిత స్త్రీలలో 29.3 శాతము భర్తవలన శారీరక లేక లైంగిక హింసకు గురియైరి. హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు 14 శాతమే.

మన పాఠ్యభాగములోని స్త్రీ వ్యాధికి మార్కు వాడిన గ్రీకు మాటకు మూలార్థము 'కొరడా'. ప్రభువు వస్త్రము ముట్టగానే ఆమె దేహము బాగుపడెను. అయినను ఆయన సాగిపోలేదు. యాయీరు కుమార్తె మరణావస్థలో నుండినను నిలిచి, ఈమె తన సంగతియంతయు చెప్పువరకు వినెను, కుమార్తెగా పలుకరించెను. రక్తము నిలుపుట స్వస్థతలో సగమే. వినుట తక్కిన సగము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్యసేవకులకు చేసిన ఉపదేశము దీనికి దగ్గరగా నున్నది: ఏకాంతమున అడుగవలెను, తీర్పు తీర్చక వినవలెను, ఆమె మాట నమ్మవలెను, ఇల్లు ఆమెకు క్షేమమో కాదో విచారింపవలెను, తగిన సహాయము చూపవలెను, బలవంతపెట్టరాదు. గాయములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసిన వైద్యుని చీటి రేపు న్యాయస్థానమున సాక్ష్యమగును. 2005 నాటి గృహహింస చట్టము ప్రకారము, బాధితురాలు కోరినచో వైద్యశాల చికిత్స చేసి తీరవలెను. భిలాయికి సమీపమందలి రాయపూరులో 2015లో సఖీ కేంద్రము ఆరంభమైనది. అట్టి కేంద్రములలో వైద్యసహాయము, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయము ఒక్కచోటనే దొరకును. 181 సంఖ్యకు ఫోను చేసియు సహాయము కోరవచ్చును.

ఇక సంఘము మాటేమి? నేనును ఒకప్పుడు ఒక సహోదరికి "ఓర్చుకొనుము, ప్రార్థించుము" అని మాత్రమే చెప్పి ఇంటికి పంపితిని. ఆమె మరల నాయొద్దకు రాలేదు. అది నా బోధకు జయమని తలంచితిని. నేను మూసినది ఆమె నోటిని అని తరువాత ఎరిగితిని. కొరడా పట్టినవానిని విడిచి, దెబ్బ తిన్నదానికి ఓర్పు బోధించుట సువార్త కాదు.

ఆలోచింపుడి: మీ సంఘములో నర్సులు, వైద్యులు ఎందరు? తలుపు మూసి, "అమ్మా, ఇంటిలో నీకు క్షేమమేనా?" అని ఒక్కమాట అడుగుటకు వారిని సిద్ధపరచితిమా?