హార్డ్‌వేర్ షాపులో మీ నగలు

మిర్చి డబ్బులు చేతికొస్తే గుంటూరు, ప్రకాశం ఊళ్ళ జనం ముందు వెళ్ళేది బంగారం కొట్టుకే. వెళ్ళండి, తప్పు లేదు. ఈసారి మాత్రం హార్డ్‌వేర్ షాపులోకీ ఓసారి తొంగి చూడండి. ఇత్తడి వాషర్లు, రాగి తీగ, నట్లు. మీ చేతికి పని చెప్పే సరుకంతా అక్కడే ఉంది.

"నాకు చేతకాదు" అంటున్నారా? ఆ మాట ఇవాళ్టితో ఆపేయండి.

ఆనీ ఆల్బర్స్ అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో నేత పని నేర్పేవారు. మెక్సికోలోని మోంటే ఆల్బాన్ సమాధుల్లో దొరికిన పాత నగల్లో బంగారం సరసన మామూలు గవ్వలు చూశారు. ఇంకేం! 1940 ప్రాంతంలో తన విద్యార్థి అలెగ్జాండర్ రీడ్‌తో కలిసి వాషర్లు, పేపర్ క్లిప్పులు, సింకు జల్లెడతో హారాలు కూర్చారు. 1946లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం వాటిని ప్రదర్శనకు పెట్టింది. ఆవిడది మగ్గం పని. చీరాల మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకు ఆ కన్ను ఇప్పటికే ఉంది!

కిట్ ఆర్డర్ పెట్టకండి. హ్యాంగింగ్స్‌తో మొదలుపెట్టండి. కావలసినవి:

- ఒకే సైజు ఇత్తడి వాషర్లు రెండు
- 20 గేజ్ రాగి తీగ
- నోస్ ప్లయర్, ఎమ్రీ పేపర్

తీగ కొనక్కర్లేకపోవచ్చు. మన దగ్గర పొలం మోటార్లు కాలుతూనే ఉంటాయి కదా, రీవైండింగ్ షాపులో మిగులు ముక్కలు అడగండి. ఆ ముక్కల్లో వాడని కొత్త తీగే తీసుకోండి, కాలింది వద్దు.

వాషరు అంచు మీద వేలు పెట్టి చూడండి, గరుగ్గా తగులుతుంది. ఆ గరుకు పోయేదాకా ఎమ్రీ పేపర్ మీద రుద్దండి. చింతపండు గుజ్జుతో తోమి కడిగితే మెరుపు వస్తుంది. తర్వాత తీగను వాషర్లోంచి దూర్చి, ప్లయర్ ముక్కుకు ఒక్క చుట్టు చుట్టండి. అటూ ఇటూ వంచి సరిచేయొద్దు. వంచేకొద్దీ రాగి బిరుసెక్కి పుటుక్కున విరుగుతుంది. మలుపు ఎక్కడో ముందే డిసైడ్ చేసుకుని, అప్పుడు చెయ్యి కదపండి. ఈ అలవాటు పడితే సగం పని వచ్చినట్టే.

ఆ చుట్టుకు తగిలించే చెవి కొక్కేలు మాత్రం వెండివే కొనండి. ఏదో తెలియని లోహంలో నికెల్ ఉంటే, అది పడనివాళ్ళకు దురద, పుండు రావచ్చు. మన ఎండల చెమటకు రాగి పచ్చ మరక వేస్తుంది. కంగారొద్దు, కడిగితే పోతుంది.

కోతల రోజుల్లో పగలు కుదరదు. రాత్రి అన్నాలయ్యాక అరగంట కూర్చోండి. కొత్త డిజైన్ల వెంట పరుగెత్తకుండా, రెండు చెవులకూ ఒకేలా వేలాడేదాకా అదే జత మళ్ళీ మళ్ళీ చేయండి.

అమ్మేటప్పుడు తీగ ఖర్చు ఒక్కటే లెక్కేయకండి. మీ గంటలకూ కూలి కట్టుకోండి. "ఇవి వాషర్లేగా?" అంటారు. "అవునండీ, వాషర్లే" అని నవ్వి, అదే ధర మళ్ళీ చెప్పండి.