ఒడ్డున నిలిచి గాలము వేయుట: సముద్రతీరమునుండి మన చెరువుకట్ట వరకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి సముద్రము దూరము. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు మించిన ఎత్తున ఉన్న ఊళ్లు ఇవి. సముద్రపు చేప ఇక్కడికి ఎండుచేపగానో, మంచుగడ్డలలో పెట్టి తెచ్చిన సరుకుగానో రావలసినదే. అయినను, ఉష్ణమండల దేశములలో సముద్రపు టొడ్డున నిలిచి గాలముతో చేపలు పట్టు ఒకానొక విధానమును గూర్చి ఈ ప్రాంతపు పంచాయతీ సభ్యులు తెలిసికొనుటకు తగిన కారణము కలదు. ఏ చేపను పట్టవలెను, ఏ చేపను తిరిగి నీటిలో విడువవలెను అనునది ఆ వేటలో ముఖ్యమైన ప్రశ్న. ఊరి చెరువును పాటకు పెట్టునపుడు మనము అడుగుట మరచిపోవు ప్రశ్నయు అదియే.

మొదట ఆ విధానమును చూతము. మనవారు వేయు మామూలు గాలమున ఎర బరువుననో, సీసపు గుండు బరువుననో దారము దూరముగా పోయి పడును. ఈ విధానమున ఎర లేదు, గుండు లేదు. గాలపు ముల్లుకు పక్షి ఈకలు, వెండ్రుకలు, రంగుదారములు చుట్టి చిన్న ప్రాణివలె కనబడునట్లు చేయుదురు. అది గాలిలో విసరినను నాలుగడుగులు పోవునంత బరువు కూడ ఉండదు. కావున బరువును దారమునందే పెట్టుదురు. లావుగా, బరువుగా చేసిన ఆ దారమును పొడుగాటి కఱ్ఱతో వెనుకకును ముందుకును ఊపగా, కొరడా ఝుళిపించినట్లు అది గాలిలో విప్పుకొని పోయి, ఈకల ఎరను మెల్లగా నీటిపై దింపును. చలిదేశముల వాగులలో నీటిపై వ్రాలు ఈగలను తిను ట్రౌటు చేపలకొరకు పుట్టిన పద్ధతి యగుటచే దీనికి ఈగగాలము అను పేరు వచ్చినది. సముద్రమున ఈగలు లేవు. అక్కడ చిన్న చేపను, రొయ్యను, పీతను పోలిన ఎరలు కట్టుదురు.

వేటగాడు పడవ ఎక్కడు. మోకాటి లోతు నీటిలో, ఇసుకనేలపై నడచును. పోటు వచ్చునపుడు చేపలు మేతకై లోతులేని చోటికి ఎక్కి వచ్చును, పాటుతో వెనుకకు పోవును. ఆ రాకపోకల వేళ తెలియనివాడు దినమంతయు నిలిచినను ఒక్క చేపను చూడడు. నీటిలో నీడ కదలినచో దాని ముందు కొంత దూరమున ఎరను దింపి, ప్రాణభయముతో పారిపోవు రొయ్యవలె కనబడునట్లు దారమును చేతితో కొంచెము కొంచెముగా లాగవలెను. ఇసుకలో టేకు చేపలు దాగియుండును గనుక అడుగులెత్తి వేయక పాదములను ఈడ్చుచు నడువవలెను. లేనిచో దాని తోకముల్లు కాలికి దిగును. సాయంత్రము ఇంటికి చేరగానే సామగ్రినంతయు మంచినీటితో కడుగనిచో ఉప్పు దానిని తినివేయును.

ఇది ధనికుల వినోదమని కొందరు అనవచ్చును. పుట్టుకచే అట్టిదే. కాని దీనివలన కొన్ని బీదదేశముల తీరగ్రామములకు బ్రతుకుతెరువు ఏర్పడిన మాట నిజము. మధ్య అమెరికాలోని బెలీజు అను చిన్న దేశమునకు ఈ వేటకై విదేశీయులు వచ్చుచుందురు. వారికి దారి చూపువారు, పడవలు నడపువారు, భోజనము పెట్టువారు స్థానికులు. బోన్‌ఫిష్, టార్పన్, పర్మిట్ అను మూడు జాతుల చేపలను పట్టినవారు ప్రాణముతో నీటిలో విడువవలెనని ఆ దేశము 2009 లో శాసనము చేసినది. చంపి అమ్మిన చేప ఒకసారి డబ్బు తెచ్చును. బ్రతికిన చేప, దానిని పట్టవచ్చువాడు వచ్చినన్ని సారులు డబ్బు తెచ్చును. ఈ లెక్క వారికి ఎవరును పుస్తకమునుండి నేర్పలేదు.

మన ఆంధ్రతీరమున ఈ పద్ధతి వాడుకలో లేదు. మన మత్స్యకారులది అలివి వల, విసురు వల. కాని ఈకల ఎరకు ఎగబడు స్వభావముగల చేపలు మన తీరమునను ఉన్నవి. పార, మాగ, పండుగప్ప ముఖ్యమైనవి. వీనిలో పండుగప్ప చరిత్ర వినదగినది. అది ఉప్పునీటి ప్రాంతమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఉప్పుటేరులలోనికి, నదులలోనికి ఎక్కి మంచినీటిలోను పెరుగును. పుట్టిన పిల్లలలో అధికభాగము మొదట మగచేపలుగా ఎదిగి, కొన్ని సంవత్సరముల తరువాత ఆడచేపలుగా మారును. అనగా పెద్ద పండుగప్పలు చాలవరకు తల్లులే. అందులో పెద్దదానిని ఏరి పట్టుట శౌర్యముగా తోచును గాని, రాబోవు సంవత్సరముల పంటను కోసికొనుటయే అగును. గాలము వేయువాడు ఈ సంగతి తెలిసినచో పెద్దదానిని విడిచి నడితరపు చేపను ఉంచుకొనవచ్చును. వలకు అట్టి ఎంపిక చేతకాదు.

ఈ ఎంపికయే మనకు కావలసిన విషయము. గాలమునకును మన చెరువులకును గల సంబంధము క్రొత్తదికాదు. చెన్నపట్టణపు సివిలు సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అను ఆంగ్లేయుడు భారతదేశపు గాలపు వేటపై 1873 లో ఒక గ్రంథమును, కేవలము చెరువులలోని గాలపు వేటపైననే 1887 లో మరియొక గ్రంథమును ప్రకటించెను. అధికారులకు వినోదమైన ఆ పని మన ఊళ్లలో కూలిజనులకు కూరయైనది. వెదురుకఱ్ఱ, నైలాను దారము, జీలుగబెండు, వానపాముగాని రాగిముద్దగాని, ఇంత మాత్రమే పెట్టుబడి.

చెరువున ఏ చేప గాలమునకు వచ్చునో, ఏది రాదో తెలిసికొనుట అవసరము. పాటదారుతో వచ్చు తగవులు చాలవరకు ఈ తెలియనితనమువలన పుట్టుచున్నవి. కదలు ప్రాణిని వేటాడి తినునది కొరమీను. కప్పపిల్లకును, మిడుతకును, నీటిపై కదలు ఈకల ఎరకును అది ఎగబడును. వాలుగయు అట్టిదే. మార్పు, ఇంగిలికము అడుగున వానపామును మ్రింగును. ఇక మత్స్యశాఖవారు చెరువులలో విడుచు బొచ్చె, రోహు, మృగాల చేపల తీరు వేరు. బొచ్చె పైనీటిలోని అతిసూక్ష్మమైన జీవులను వడగట్టి తినును. రోహు నడినీటిలోను, మృగాల అడుగునను మేయును. పిండిముద్దకు రోహు, మృగాల కొంతవరకు రావచ్చును గాని, ఈకల ఎరకును కప్పపిల్లకును ఈ మూడును రావు.

ఈ మూడు జాతులును నిలువనీటి చెరువులలో గ్రుడ్లు పెట్టవు. వానికి వఱదనీటి ప్రవాహము కావలెను. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10 న డాక్టరు హీరాలాల్ చౌదరి పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిన పిమ్మటనే పిల్లల ఉత్పత్తి మానవుని చేతిలోనికి వచ్చినది. జూలై 10 ని జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుట అందువలననే. కావున ఈ చేపలు పాటదారు డబ్బిచ్చి కొని విడిచిన ఆస్తి. వానిని ఇతరులు పట్టుకొనిపోయిన అతడు కోపించుట న్యాయమే.

కొరమీను, మార్పు, గొరక, పరిగెలు అట్టివి కావు. వానిని ఎవరును కొని విడువలేదు. చెరువున తరతరములుగా తమంతట తాము పుట్టి పెరుగుచున్నవి. కొరమీను గ్రుడ్లు పెట్టి, పిల్లలు వెలువడిన తరువాత కూడ వానిని కాచుచుండును. నీటిపై ఎఱ్ఱని మచ్చవలె గుంపుగా కదలు పిల్లలను, వాని క్రింద కాపున్న పెద్దచేపను కట్టమీదివారందరును చూచియే యుందురు. ఆ సమయమున పెద్దచేప ఏ ఎరకైనను కోపముతో మీదపడును గనుక పట్టుట అతిసులభము. పట్టిన మరుదినమున ఆ పిల్లల గుంపు ఇతరచేపలకు మేత యగును. గాలమువాడు పాటింపవలసిన కట్టుబాటు ఇదియొక్కటి ఉన్నను చాలును: పిల్లలను కాచు కొరమీనును పట్టరాదు.

ఒక తగవును ఊహింపుడు. చెరువు పాటకు పోయినది. పాటదారు పిల్లలను తెచ్చి విడిచి, కావలివానిని పెట్టినాడు. కూలి లేని దినమున ఒక ముసలివాడు కట్టమీద కూర్చుండి గాలము వేసినాడు. కావలివాడు కఱ్ఱను విఱిచి నీటిలో పారవేసినాడు. సాయంత్రము ఇరువురును సర్పంచి ఇంటికి వచ్చిరి. పాటపత్రమున “చెరువులోని చేపలపై సర్వహక్కులు” అని వ్రాసియున్నచో సర్పంచి ఏమి చెప్పగలడు? ముసలివాడు దొంగయని చెప్పవలసి వచ్చును. అతని తాతయు అచ్చటనే కూర్చుండి గాలము వేసియుండును. తప్పు ముసలివానిది కాదు, పాటదారుదియు కాదు. ఆలోచింపక ఒక మాట వ్రాసిన పంచాయతీది.

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిలు 24 న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో 3వది చిన్ననీటిపారుదల, 5వది మత్స్యపరిశ్రమ. అయితే మీ ఊరిలోని ప్రతి చెరువు చేపహక్కును పంచాయతీదే యనుకొనరాదు. కొన్నిటి హక్కు మత్స్యశాఖ చేతిలో ఉండును. అభయారణ్యపు సరిహద్దులోపలి మడుగులపై పంచాయతీకి అధికారము లేదు. ముందుగా మత్స్యశాఖ కార్యాలయమున విచారించి చెరువు ఎవరిదో వ్రాతమూలముగా తెలిసికొనవలెను. పంచాయతీదే అయినచో పాట షరతులను మీరే నిర్ణయింపవచ్చును.

ఆ షరతులలో మొదటిది గాలము గూర్చి ఉండవలెనని ఈ వ్యాసకర్త అభిప్రాయము. చేతిగాలముతో, ఒక మనిషికి ఒక కఱ్ఱ చొప్పున, తూమునకును మరవకును దూరముగా నిర్ణయించిన ఒక వైపున, ఇంటి వాడుకకు మాత్రము, కొరమీను మొదలైన నాటుజాతులను పట్టుకొనుట గ్రామస్థులకు విడిచిపెట్టవలెను. పిండిముద్ద ఎరను నిషేధించి, బొచ్చె, రోహు, మృగాల గాలమునకు తగిలినను నీటిలో విడువవలెనని వ్రాయవచ్చును. దీనివలన పాట రొక్కము కొంత తగ్గవచ్చును. తగ్గిన ఆ కొంతకును ప్రతిగా కూలిజనులకు చేపకూర లభించును గదా!

విడుచుట కూడ నేర్వవలసిన పనియే. పొడిచేతితో పట్టినచో చేప ఒంటిమీది జిగురు ఊడిపోయి, పుండ్లు పుట్టి, నాలుగు దినములకు చచ్చును. చేతిని తడిపి పట్టవలెను. మొప్పలలో వ్రేలు పెట్టరాదు. గాలపు కొనయొద్ద వెనుకకు తిరిగియుండు చిన్నముల్లును పటకారుతో నొక్కి అణచినచో గాలము తేలికగా ఊడివచ్చును. సముద్రతీరపు వేటగాండ్రు చేయునది ఇదియే. తెగిన నైలాను దారమును కట్టమీద పారవేయరాదు. కొంగల కాళ్లకు చుట్టుకొనును, పశువులు గడ్డితోపాటు మ్రింగును.

రెండవ షరతు వేసవి మడుగు గూర్చినది. ఈ ప్రాంతపు చెరువులు పెక్కు చైత్ర వైశాఖములకు ఎండిపోవుచుండెను. మిగిలిన గుంటలోని నీటిని ఇంజనుతో తోడించి, బురదలోని కొరమీనువరకు ఏరుకొనిపోయినచో మరుసటి వానలకు చెరువు నిండవచ్చును గాని నాటుచేప ఎచటినుండి రావలెను? కావున తూము ముందరి లోతైన భాగమున కొంత నీటిని తోడరాదని, అచట వల వేయరాదని పాటపత్రమున వ్రాయవలెను. హంద్రీ నీవా కాలువ ద్వారా కృష్ణాజలములు ఈ ఎగువ ప్రాంతమునకు వచ్చుచున్నవి. 2025 ఆగస్టులో కుప్పము వైపున పరమసముద్రము చెరువునకు చేరినవి. అట్లు నీరు నిలుచు చెరువులలో ఈ షరతు పాటించుట మునుపటికంటె సులభము.

విషము, మందుగుండు విషయమున షరతు వ్రాయవలసిన పని లేదు. 1897 నాటి భారత మత్స్యచట్టమే ఆ రెండింటిని నేరములుగా ప్రకటించినది. చట్టము పుట్టిననాటి శిక్ష రెండు నెలల చెర లేక 200 రూపాయల జరిమానా. మంగకాయ దంచి నీటిలో కలుపుట పూర్వపు అలవాటు. ఇప్పుడు దానికంటె ఘోరమైనది తెలియకయే జరుగుచున్నది. టమాటా తోటలకు మందు కొట్టిన డబ్బాలను చెరువులో ముంచి కడుగుట అది. నేటి పురుగుమందులలో పైరిత్రాయిడు జాతివి అతిస్వల్పముగా నీటిలో కలిసినను చేపలను చంపును. ప్రక్కచేనిలో కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకుపై పడినచో పట్టుపురుగులు ఎట్లు రాలిపోవునో ఇక్కడి రైతులకు బాగుగా తెలియును. చేప సంగతియు అంతే. చెరువుకట్ట దిగువన, నీరు తిరిగి చెరువులో చేరని చోట, ఒక తొట్టి కట్టించి డబ్బాలను అచట కడుగునట్లు ఏర్పాటు చేయుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

ఈ షరతులన్నియు పాటప్రకటన వెలువడకముందే గ్రామసభలో చదివి, తీర్మానముగా పుస్తకమున ఎక్కించవలెను. పాట ముగిసిన తరువాత చేర్చిన షరతును పాటదారు ఒప్పుకొనడు, ఒప్పుకొనవలసిన పనియు లేదు. మత్స్యసహకార సంఘము ఉన్న ఊరిలో దాని సభ్యులను ఆ సభకు తప్పక పిలువవలెను. గాలము వేయువారిని కూడ పిలువవలెను. వారు సంఘముగా ఏర్పడినవారు కారు గనుక ఎవరైనను వెళ్లి చెరువుకట్టమీదనే చెప్పి రావలసి యుండును.