సూరత్ నుంచి మాధాపర్‌కు: మాజీ సైనికుల కోసం బైక్ యాత్ర ఎలా చేయాలి?

మాజీ సైనికుల గౌరవార్థం బైక్ యాత్ర చేయాలనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది ఏ బండి బాగుంటుందని. బండి సంగతి చివర చూసుకోవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్తున్నాం, వాళ్లతో ఎంతసేపు కూర్చుంటాం అన్నది ముందు తేలాలి. అమెరికాలో 1989 నుంచి వియత్నాం యుద్ధంలో పనిచేసినవాళ్లు, వాళ్ల అభిమానులు కాలిఫోర్నియాలో బయల్దేరి వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం దాకా బండ్ల మీద వెళ్తున్నారు. దారిలో మాజీ సైనికుల ఆస్పత్రుల దగ్గర ఆగి పలకరిస్తారు. కార్గిల్ యుద్ధానికి 25 ఏళ్లు నిండిన 2024లో మన సైన్యం కూడా ద్వారక, ధనుష్కోడి, దింజాన్‌ల నుంచి ద్రాస్‌కు బైక్ బృందాలను పంపింది. వాళ్లూ దారి పొడవునా మాజీ సైనికులను, భర్తలను యుద్ధంలో కోల్పోయిన వీరనారులను కలుస్తూనే వెళ్లారు.

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వచ్చి మగ్గాల మీద బతుకుతున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలోని కుర్రాళ్లు మొదటి యాత్రకు భుజ్ పక్కనున్న మాధాపర్ గ్రామాన్ని ఎంచుకోవాలని నా సలహా. 1971 యుద్ధంలో డిసెంబరు 8 రాత్రి పాకిస్తాన్ విమానాలు భుజ్ వైమానిక స్థావరం మీద బాంబులు వేశాయి. రన్‌వే నిండా గుంతలు పడ్డాయి. బాగుచేయడానికి మనుషులు చాలలేదు. స్థావరం బాధ్యత చూస్తున్న స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్ అడిగితే దాదాపు 300 మంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాధాపర్ వాళ్లే. సైరన్ మోగితే పొదల్లో దాక్కుంటూ, మోగడం ఆగితే మళ్లీ పనిలోకి దిగుతూ 72 గంటల్లో రన్‌వేను బాగుచేశారు. వాళ్లు తుపాకీ పట్టలేదు, సైన్యంలో పేరు లేదు. అయినా ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లే. వాళ్ల స్మారకం ఆ ఊళ్లోనే ఉంది.

తర్వాత తేదీ చూసుకోవాలి. మాజీ సైనికుల దినం జనవరి 14. మన సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి కె.ఎం. కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది. కానీ సూరత్‌లో ఆ రోజు ఉత్తరాయణం. ఊరంతా గాలిపటాలు, మెడలు కోసే మాంజా. ఆ రోజుల్లో ఫ్లైఓవర్ల మీదికి రెండు చక్రాల బండ్లను పోలీసులు రానివ్వరు. ఆ తేదీ వద్దు. జూలై 26 కార్గిల్ విజయ దినం మంచి రోజే కానీ వానాకాలం నడుమ వస్తుంది, కొత్తవాళ్లకు పనికిరాదు. డిసెంబరు మేలు. 7న సాయుధ దళాల పతాక దినం, 16న 1971 యుద్ధపు విజయ దివస్. ఆ రెంటి మధ్య ఒక శనివారం, ఆదివారం చూసుకుని, ముందో వెనకో ఇంకో రెండు రోజులు సెలవు కలుపుకోండి. మగ్గం షిఫ్టుల్లో ఉన్నవాళ్లు సేఠ్‌కు నెల ముందే చెప్పిపెట్టుకోవాలి.

అక్టోబరులోనే సూరత్ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఇద్దరు వెళ్లండి. ఎంతమంది వస్తున్నారో, ఎప్పుడో, ఎందుకో ఒక కాగితం మీద రాసివ్వండి. దారిలో ఎవరిని కలవొచ్చో వాళ్లనే అడగండి. చిరునామాలు చేతికివ్వాలని పట్టుబట్టకండి. ఆ పెద్దలు ఒప్పుకున్నాకే వెళ్లాలి. పతాక దినం చిన్న జెండాలు అక్కడే తీసుకుని, విరాళం వేసి రసీదు అడగండి. ఆ జెండాలోని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు మూడు దళాలవి.

జెండా మాట వచ్చింది కనుక చెప్పాలి. చాలా ర్యాలీల్లో బండి వెనక త్రివర్ణ పతాకం కట్టి దూసుకుపోతుంటారు. అది తప్పు. వాహనం మీద జాతీయ జెండా ఎగరేసే హక్కు రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్ల వంటి కొద్దిమందికే ఉందని 2002 జెండా నియమావళి చెబుతోంది. సైనికుడిలా కనిపించాలని యూనిఫాం వేసుకోవడం నేరం. మచ్చల మిలిటరీ జాకెట్లు కూడా వద్దు. పాతికేళ్లు నిజంగా ఆ బట్టలు వేసుకున్న మనిషి ముందు వాటితో నిలబడటం నాకు సహించదు.

ఇక బండి. 125 సీసీదైనా చాలు, కండిషన్‌లో ఉండాలి. టైర్లు, బ్రేకులు, చైన్, లైట్లు బయల్దేరడానికి వారం ముందే మెకానిక్‌కు చూపించండి. ముందు రోజు చూపిస్తే కొత్తగా వేసిన సామానులో లోపం దారిలో బయటపడుతుంది. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఐఎస్ఐ హెల్మెట్ లేనివాళ్లను వెంట తీసుకుపోవద్దు. డిసెంబరుకే పతంగులు మొదలవుతాయి కాబట్టి హ్యాండిల్‌కు మాంజా అడ్డుకునే కమ్మీ బిగించండి, మెడకు మందపాటి గుడ్డ చుట్టండి.

కొత్తవాళ్లు పొరపడేదంతా గుంపు నడకలోనే. ఇరవై బండ్లు ఒకే వరసగా పోకూడదు. ఐదారు బండ్లకో జట్టు, జట్టుకూ జట్టుకూ మధ్య కొన్ని నిమిషాల ఎడం. ముందు దారి తెలిసినవాడు, అతని వెనకే అందరికన్నా కొత్తవాడు, చివర అనుభవం, టూల్స్, మందుల పెట్టె ఉన్నవాడు. లేన్‌లో ఒకరు కుడివైపు, తర్వాతివాడు ఎడమవైపు నడపాలి. ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలి. ప్రతి ఒక్కడూ అద్దంలో తన వెనకవాణ్ని చూసుకోవాలి. అతను కనిపించకపోతే వేగం తగ్గించాలి. అలా చేస్తే ఎవరూ వెనక ఒంటరిగా మిగిలిపోరు. అందరిలో చిన్న ట్యాంకు ఎవరిదో దాన్ని బట్టి పెట్రోలు, 80, 90 కిలోమీటర్లకోసారి టీ. పొద్దుగూకాక నడపొద్దు. ముందు రెండు ఆదివారాలు ఉభరాట్ తీరం దాకా ఇలా వెళ్లొచ్చి అలవాటు చేసుకోండి.

దారి ఒక వైపు సుమారు 600 కిలోమీటర్లు. కామ్రేజ్ దగ్గర 48వ నంబరు జాతీయ రహదారి ఎక్కి అంక్లేశ్వర్, భరూచ్, వడోదర. వడోదర, అహ్మదాబాద్ మధ్య ఎక్స్‌ప్రెస్‌వే మీద బైకులకు అనుమతి లేదు. ఫోన్‌లో మ్యాప్ అటు చూపించినా ఎక్కకండి. వాసద్ దగ్గర తిరిగి తారాపూర్, బగోదరా మీదుగా సురేంద్రనగర్ చేరి రాత్రి పడుకోండి. రెండోరోజు ధ్రాంగధ్రా, హల్వద్, మాలియా, సూరజ్‌బారీ వంతెన. అక్కడ అటూ ఇటూ ఉప్పునేల, పక్కనుంచి కొట్టే గాలి, కాండ్లా ఓడరేవు లారీలు. వేగం తగ్గించి, జట్టులో ఎడం పెంచండి. సామాఖియాలీ, భచావ్ దాటితే భుజ్.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు హారన్లు, నినాదాలు వద్దు. బండ్లు వీధి మొదట్లోనే ఆపి నలుగురైదుగురే లోపలికి వెళ్లాలి. గుజరాతీ బాగా మాట్లాడేవాడు పక్కనుండాలి. 1971లో పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై వచ్చేస్తున్నాయి. త్వరగా అలసిపోతారు. గంట దాటొద్దు. యుద్ధంలో ఎంతమందిని చంపారని అడగకండి. పక్కన పనిచేసిన వాళ్లెవరు, ఇంటికి ఉత్తరాలెలా పంపేవాళ్లు, తిండేమిటి అని అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. అనుమతి తీసుకుని చెప్పింది రాసుకోండి. ఫొటో చివర్లో ఒకటి చాలు. శాలువా, పూలదండకు పెట్టే ఖర్చులో సగం మందులకో, కళ్లజోడుకో పెట్టొచ్చేమో ఇంట్లోవాళ్లను విడిగా అడిగి తెలుసుకోండి. పింఛను, ఆస్పత్రి కార్డు విషయంలో ఏదైనా చిక్కు ఉంటే రాసుకొచ్చి సైనిక సంక్షేమ కార్యాలయానికి అందజేయండి. యాత్రలో నిజమైన సేవ నాకు తెలిసి ఇదే.

మొదటి యాత్ర సజావుగా జరిగితే వచ్చే ఏడాది సూర్యాపేట పెట్టుకోండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు ఊరది. మన దగ్గర్నుంచి వెయ్యి కిలోమీటర్ల పైనే. ఈ ఏటికి మాత్రం అక్టోబరులో ఒక పూట ఖాళీ చేసుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి రండి. వెళ్లేముందు మీ గల్లీలో, మీ సంఘంలో సైన్యంలో చేసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఉంటే మీ మొదటి జట్టుకు జెండా ఊపేది ఆయనే కావాలి.